థీమ్ మార్చాను, సైడ్‌బార్‌లో విడ్జెట్లన్నీ మాయం. కోడ్ రాదు, దారి చెప్పండి

కోడురానికోటి
నాలుగేళ్లుగా వర్డ్‌ప్రెస్ అనే సైట్లు కట్టుకునే సాఫ్ట్‌వేర్‌తో చిన్న సైటు నడుపుతున్నాను. చదివిన పుస్తకాల గురించి రాసుకుంటాను, అంతకు మించి ఏమీ లేదు. కుడి పక్క సైడ్‌బార్‌లో సెర్చ్ పెట్టె, కొత్త పోస్టులు, కేటగిరీలు, నా ఫొటో, దాని కింద రెండు ముక్కల పరిచయం. పేజీ అడుగున ఫుటర్‌లో మూడు వరుసల లింకులు. విడ్జెట్లంటే ఇవే, అన్నీ మౌస్‌తో లాగి పెట్టుకున్నవే. కోడ్ ఒక్క అక్షరం ముట్టుకోలేదు, ముట్టుకోవడం రాదు కూడా.

మొన్న రాత్రి చేతులు ఊరుకోక సైటు రూపురేఖలు మార్చే కొత్త థీమ్ వేశాను. చూడ్డానికి బాగానే ఉంది, సైడ్‌బార్ మాత్రం లేదు. మళ్లీ పెట్టుకుందాం అని అప్పియరెన్స్ కింద వెతికితే విడ్జెట్స్ అనే మాటే కనబడలేదు. కస్టమైజ్ కూడా లేదు. ఎడిటర్ అని ఒకటుంది. నొక్కితే సైటంతా చిన్నదై ఒక పక్కకి జరిగి, పక్కన ఏదేదో మెనూ వచ్చింది. భయమేసి మూసేశాను. నాలుగేళ్లు సర్దుకున్నదంతా పోయినట్టేనా?

తోకచుక్క77
పోలేదు. మీరు వేసింది బ్లాక్ థీమ్, అంటే సైటంతా బ్లాకులనే ముక్కలతో కట్టే కొత్త తరహాది. విడ్జెట్ల సమాచారం డేటాబేస్‌లో భద్రంగానే ఉంటుంది, దాన్ని చూపించే చోటు ఈ థీమ్‌లో లేదు, అంతే. పాత థీమ్ డిలీట్ చేయలేదు కదా?

కోడురానికోటి
లేదు, అలాగే ఉంది.

తోకచుక్క77
ఇంకేం, బతికిపోయారు. దాన్ని మళ్లీ యాక్టివేట్ చేసి చూడండి. ఎక్కడివక్కడే వస్తాయి.

సగంచదివినవాడు
ఇంత చర్చ ఎందుకండీ, క్లాసిక్ విడ్జెట్స్ అని ప్లగిన్ (సైటుకి అదనంగా తగిలించే ప్రోగ్రాం) ఉంది. వేసేయండి, పాత విడ్జెట్స్ పేజీ తిరిగొస్తుంది. నేను వేసుకున్నా, రెండు నిమిషాల పని.

రెంచిపానా
మీ థీమ్ పాత తరహాది కాబట్టి మీకు పనిచేసింది. ఆ ప్లగిన్ చేసేది ఒక్కటే పని: బ్లాకుల రూపంలో వచ్చే విడ్జెట్స్ పేజీ బదులు పాత పేజీని చూపిస్తుంది. అసలు విడ్జెట్ చోట్లే లేని థీమ్‌లో అది ఏం చూపిస్తుంది?

సగంచదివినవాడు
ఓహో. మీరు చెప్పింది కూడా సగమే చదివాను, కానీ అర్థమైంది.

రెంచిపానా
కోటి గారి లాంటి వాళ్ల కోసం కాస్త విడమరిచి చెప్తాను, తెలిసినవాళ్లు దాటేయండి.

గోడకి మేకులు ఉంటేనే ఫొటోలు తగిలించగలం. విడ్జెట్లు ఫొటోలైతే మేకులు కొట్టేది థీమ్. సైడ్‌బార్‌లో ఒకటి, ఫుటర్‌లో మూడు, హెడర్ కింద ఒకటి అని థీమ్ తయారుచేసినవాళ్లు ముందే నిర్ణయించి కొడతారు. వాటిని విడ్జెట్ ఏరియాలు అంటారు. మనం చేయగలిగిందల్లా ఏ ఫొటో ఏ మేకుకి అనేదే. మేకు లేని చోట తగిలించాలంటే కోడ్ కావాలి, లేదా వేరే థీమ్ కావాలి. "కోడ్ లేకుండా మీ ఇష్టం వచ్చినట్టు" అన్న ప్రకటనల్లో ఈ మాట చెప్పరు.

పాత తరహా థీమ్ నుంచి ఇంకో పాత తరహా థీమ్‌కి మారితే, మేకులు సరిపోయినన్ని విడ్జెట్లు కొత్త గోడకి వస్తాయి. మిగతావి ఇన్‌యాక్టివ్ విడ్జెట్స్ అనే అటక మీదికి చేరతాయి. సెట్టింగులతో సహా అక్కడే ఉంటాయి, లాక్కొచ్చి పెట్టుకోవచ్చు. బ్లాక్ థీమ్ సంగతి వేరు. అక్కడ మేకులే లేవు, గోడ మొత్తం మనదే. హెడర్, ఫుటర్, పోస్టు పేజీ, అన్నీ బ్లాకులే. అవి మీరు మూసేసిన ఆ ఎడిటర్‌లో ఉంటాయి.

గోడమీదపిల్లి
అద్దె ఇంటికి సొంత ఇంటికి ఉన్న తేడా అన్నమాట. సొంత ఇల్లంటే మేకు కొట్టినా, గోడ కూలినా బాధ్యత మనదే :)

పాతకాపు
పిల్లి సరదాగా అన్నా నిజమే అన్నాడు. 2007లో 2.2 వెర్షన్‌తో విడ్జెట్లు వర్డ్‌ప్రెస్‌లో భాగమయ్యాయి. అంతకుముందు సైడ్‌బార్‌లో కొత్త పెట్టె చేర్చాలంటే మామూలుగా థీమ్ ఫైలు తెరవాల్సి వచ్చేది. ఒక సెమీకోలన్ ఎగిరిపోతే సైటు మొత్తం తెల్ల కాగితం. అలాంటి రోజుల్లో పెట్టెను పట్టుకుని లాగి వదిలితే సైటులో కనబడటం చూసి నోరెళ్లబెట్టాను. ఆ పేజీ మీద నాకు ఇప్పటికీ మమకారం. 2021 జూలైలో 5.8 వచ్చి దాన్ని కూడా బ్లాకుల మయం చేసింది. నేను ఆ రోజే సగంచదివినవాడు గారి ప్లగిన్ వేసుకుని తలుపేసుకున్నాను.

వెన్నెల
పాతకాపు గారూ, మమకారం సరే, ఆ పాత పేజీలో రెండు కాలమ్‌లు పక్కపక్కన పెట్టగలిగేవారా? ఫొటో పెట్టాలంటే 2017లో 4.8 వచ్చేదాకా టెక్స్ట్ విడ్జెట్‌లో హెచ్‌టీఎంఎల్ కోడ్ అతికించాల్సి వచ్చేది, లేదంటే దానికో ప్లగిన్. కోడ్ రాని వాళ్లకి అది సుఖమా? ఇప్పుడు శీర్షిక, ఫొటో, బటన్ అన్నీ కలిపి ఒక గ్రూప్ చేసి పెట్టేస్తున్నాను. పొరపాటు జరిగితే అన్‌డూ ఉంది.

పాతకాపు
అన్‌డూ ఉంది, ఒప్పుకుంటాను. కానీ పాత పేజీలో లాగి వదిలితే అక్కడికక్కడే సేవ్ అయ్యేది. ఇప్పుడు అప్‌డేట్ నొక్కడం మర్చిపోయి ట్యాబ్ మూసేసిన సందర్భాలు నాకు లెక్కలేదు.

వెన్నెల
మూసేముందు బ్రౌజర్ అడుగుతుంది కదండీ, నిజంగా వెళ్లిపోతారా అని.

పాతకాపు
అడుగుతుంది. నేను అవునంటాను. అదే అలవాటు.

కోడురానికోటి
పాత థీమ్ మళ్లీ వేశాను. అన్నీ వచ్చేశాయి! నా ఫొటో కూడా. తోకచుక్క గారికి దండం.

అయితే ఇంకో చిక్కు. కొత్త థీమ్‌లో అక్షరాలు, ఖాళీలు చాలా హాయిగా ఉన్నాయి, పాతది చూస్తే ఇప్పుడు ఇరుకు గదిలా అనిపిస్తోంది. కొత్త థీమే ఉంచుకుని ఈ విడ్జెట్లను అందులోకి తీసుకుపోయే వీలుందా? మళ్లీ మొదటి నుంచి సర్దుకునే ఓపిక లేదు.

తోకచుక్క77
ఉంది. 2023 మార్చిలో వచ్చిన 6.2 నుంచి ఈ సదుపాయం ఇచ్చారు, కాస్త లోపల దాచారు. మొదట పాత థీమ్‌లో ఉండగానే విడ్జెట్స్ పేజీని ఫొటో తీసి పెట్టుకోండి (ఇది నా చాదస్తం, పనికొస్తుంది). సైటు బ్యాకప్ తీయండి. తర్వాత కొత్త థీమ్ యాక్టివేట్ చేసి ఎడిటర్‌లోకి వెళ్లి, టెంప్లేట్స్‌లో (పేజీలను చూపించే అచ్చులు) ఒక్కో పోస్టును చూపించే సింగిల్ పోస్ట్ టెంప్లేట్ తెరవండి.

అందులో కాలమ్స్ బ్లాక్ వేసి మూడింట రెండొంతులు, ఒక వంతు ఉన్న అమరిక ఎంచుకోండి. పోస్టు కంటెంట్ చూపించే బ్లాక్‌ను వెడల్పు కాలమ్‌లోకి జరపండి. సన్న కాలమ్‌లో టెంప్లేట్ పార్ట్ (చాలా చోట్ల వాడుకోగలిగే ముక్క) అనే బ్లాక్ పెట్టి, కొత్తది సృష్టించి సైడ్‌బార్ అని పేరు పెట్టండి. అది ఖాళీగా ఉండగా కుడి వైపు సెట్టింగుల్లో అడ్వాన్స్‌డ్ తెరిస్తే విడ్జెట్ ఏరియాను దిగుమతి చేసుకునే చోటు కనబడుతుంది. పాత సైడ్‌బార్ పేరు ఎంచుకుని ఇంపోర్ట్ నొక్కండి.

అల్లరిమౌస్
కోటి గారూ, ఒక్క హెచ్చరిక. ఆ కంటెంట్ బ్లాక్‌ను జరపండి, పొరపాటున కూడా తీసేయకండి. టెంప్లేట్‌లో బొమ్మ పోస్టు ఒకటి చూపిస్తుంది కదా, నేను అది నిజం పోస్టు కాదులే, అనవసరం అనుకుని డిలీట్ కొట్టాను. రెండు వందల పోస్టులు, అన్నిటికీ శీర్షిక మాత్రమే మిగిలింది. కింద కామెంట్ల పెట్టె. శీర్షిక చూసే కామెంట్ రాసిన మహానుభావులు ఇద్దరు ఉన్నారు, అది వేరే కథ.

సగంచదివినవాడు
ఆ ఇద్దరిలో ఒకడిని నేనై ఉంటాను.

నిద్రలేనిసర్వర్
అల్లరిమౌస్ లాంటి పరిస్థితి వస్తే కంగారు పడకండి. పోస్టులు ఎక్కడికీ పోవు, చూపించే అచ్చు మాత్రమే చెడింది. టెంప్లేట్ల జాబితాలో దాని పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే రీసెట్ ఉంటుంది. థీమ్‌తో వచ్చిన అసలు రూపం తిరిగొస్తుంది, మీ మార్పులు పోతాయి.

చిన్నబాబాయ్
ఇంత తిప్పలు పడేకంటే పేజీ బిల్డర్ ప్లగిన్ వేసుకోవచ్చు కదా. ఎడమ పక్కన వందకు పైగా విడ్జెట్లు, కావలసింది పట్టి లాగితే ఎక్కడ కావాలంటే అక్కడ పడుతుంది. మేకులు, గోడలు ఏ గొడవా లేదు. మూడేళ్లుగా నాలుగు సైట్లు అలాగే నడుపుతున్నా.

రెంచిపానా
నాలుగు సైట్లూ ఆ బిల్డర్‌కి రాసిచ్చేశారన్నమాట.

చిన్నబాబాయ్
రాసివ్వడం ఏమిటి?

రెంచిపానా
ఒకసారి స్టేజింగ్ కాపీ (పరీక్షకి పెట్టుకున్న సైటు నకలు) మీద దాన్ని డీయాక్టివేట్ చేసి చూడండి. అసలు సైటు మీద మాత్రం చేయకండి. నేను ఒకరి సైటు బాగుచేయడానికి వెళ్లాను, పేరు వద్దు, బిల్డర్ పేరూ వద్దు. దాన్ని తీసేస్తే ప్రతి పేజీలో చదరపు బ్రాకెట్ల మధ్య ఏవో మంత్రాలు మిగిలాయి. అసలు రాత వాటి నడుమ ఎక్కడో ఇరుక్కుంది. నలభై పేజీలు చేత్తో శుభ్రం చేశాం. అన్ని బిల్డర్లూ ఇలా బ్రాకెట్లు మిగల్చవు. కొన్నిటిలో రాత, బొమ్మలు మామూలుగా మిగులుతాయి, అమరిక మాత్రం పోతుంది. ఏదైనా గానీ, విడ్జెట్ అనే పేరు రెండు చోట్లా ఉంది కాబట్టి అవి ఒకటే అనుకోకండి. బిల్డర్ విడ్జెట్ ఆ బిల్డర్ ఉన్నంతసేపే.

చిన్నబాబాయ్
సరే, ఒప్పుకున్నాను. కానీ నా క్లయింట్లు వాళ్లంతట వాళ్లే మార్చుకుంటున్నారు, నాకు ఫోన్లు రావడం లేదు. ఆ సుఖానికి నేను కట్టే వెల ఇది. పైగా బ్లాక్ ఎడిటర్‌లో ఒక బ్లాక్ లోపల ఇంకో బ్లాక్, దాని లోపల ఇంకోటి, ఏది పట్టుకున్నానో నాకే తెలియదు.

వెన్నెల
దానికి లిస్ట్ వ్యూ తెరవండి బాబాయ్. పైన ఎడమ పక్క మూడు గీతల బొమ్మ. ఏది దేని లోపల ఉందో చెట్టు కొమ్మల్లా కనబడుతుంది, అక్కడే పట్టి పైకీ కిందికీ జరపొచ్చు. నాకు ఎడిటర్ మీద ప్రేమ పుట్టింది అది చూశాకే.

చిన్నబాబాయ్
మూడేళ్లుగా ఆ గీతలు అలంకారం అనుకున్నాను.

తూనీగ
ఈ లాగడం అనేదే అందరికీ కుదరదని ఎవరూ అనడం లేదు. నాకు చేయి వణుకుతుంది, మౌస్ పట్టి దూరం లాగితే మధ్యలో వదిలేస్తాను. బ్లాకుల్లో పైకి కిందికి బాణాలు ఉన్నాయి, వాటితో నెగ్గుకొస్తున్నాను. పాత పేజీలో ఏదైనా ఇలాంటిది ఉండేదా? పాతకాపు గారు దాన్నే వాడుతున్నారు కాబట్టి అడుగుతున్నా.

పాతకాపు
ఉందండీ. పైన కుడి మూలన స్క్రీన్ ఆప్షన్స్ తెరిస్తే యాక్సెసిబిలిటీ మోడ్ అని ఉంటుంది. ఆన్ చేస్తే ప్రతి విడ్జెట్ పక్కన యాడ్, ఎడిట్ లింకులు వస్తాయి. ఏ ఏరియాలో ఎన్నో స్థానంలో ఉండాలో జాబితాలో ఎంచుకుంటే చాలు. మామూలు మోడ్‌లోనూ విడ్జెట్ పేరు మీద క్లిక్ చేస్తే ఎక్కడ చేర్చాలో అడుగుతుంది, లాగనక్కర్లేదు.

తూనీగ
చాలా థాంక్స్. ఇన్నాళ్లకి మా ఇంట్లో మౌస్‌కి విశ్రాంతి.

కోడురానికోటి
చేశాను! కాలమ్‌లు వచ్చాయి, సైడ్‌బార్ వచ్చింది. సెర్చ్, కొత్త పోస్టులు, కేటగిరీలు, ఫొటో అన్నీ దిగాయి. ఒక్కటి మాత్రం దింపుకోలేనని చెప్పింది. ఎక్కువమంది చదివిన పోస్టులు చూపించేది, ఏదో ప్లగిన్‌తో వచ్చిన విడ్జెట్.

ఇంకా రెండు సందేహాలు. ఒకటి, సైడ్‌బార్ పోస్టుల్లో ఉంది గానీ నా పరిచయం పేజీలో లేదు. రెండు, ఫోన్‌లో చూస్తే సైడ్‌బార్ పోస్టు కిందికి పోయింది. సెర్చ్ పెట్టె దొరకాలంటే బొటనవేలు అరిగేదాకా కిందికి జరపాలి.

తోకచుక్క77
దిగనిదాని సంగతి: ఆ ప్లగిన్ వాళ్లు బ్లాక్ కూడా ఇస్తే దాన్ని నేరుగా పెట్టుకోండి. ఇవ్వకపోతే వదిలేయండి, మీరే ఎంచిన ఐదు పోస్టుల లింకులు జాబితాగా రాసుకుంటే అంతకన్నా బాగుంటుంది. పుస్తకాల సైటు కదా, లెక్కల కంటే మీ ఎంపికకే విలువ ఎక్కువ.

మొదటి సందేహానికి: మీరు మార్చింది పోస్టుల టెంప్లేట్. పేజీలకు వేరే టెంప్లేట్ ఉంటుంది. అందులోనూ ఇదే టెంప్లేట్ పార్ట్ పెట్టండి. రెండు చోట్లా ఒకే సైడ్‌బార్, ఒక చోట మారిస్తే రెండో చోటా మారుతుంది.

వెన్నెల
అన్ని పేజీల్లోనూ పెట్టాల్సిన పని లేదని నా అభిప్రాయం. పరిచయం పేజీలో మళ్లీ మీ ఫొటో, పరిచయం పక్కన ఎందుకు? పాత థీమ్‌లో ఏ పేజీలో ఏ విడ్జెట్ కనబడాలో చెప్పడానికి వేరే ప్లగిన్ కావాల్సి వచ్చేది. ఇక్కడ టెంప్లేట్‌తోనే సరిపోతుంది.

రెండో సందేహం: ఇరుకు తెరల్లో కాలమ్‌లు ఒకదాని కింద ఒకటి పేర్చుకోవడం మామూలే, పాత థీమ్‌లోనూ అలాగే జరిగి ఉంటుంది, మీరు గమనించి ఉండరు. సెర్చ్‌ను సైడ్‌బార్‌లోంచి తీసి హెడర్‌లో మెనూ పక్కన పెట్టండి. అందులో బటన్ ఓన్లీ అని ఒక ఎంపిక ఉంది. చిన్న భూతద్దం బొమ్మ మాత్రమే ఉంటుంది, నొక్కితే విచ్చుకుంటుంది.

గోడమీదపిల్లి
నేను గూగుల్ వాళ్ల బ్లాగర్‌లో ఉన్నాను. మాకు విడ్జెట్ అనరు, గాడ్జెట్ అంటారు. లేఅవుట్‌లోకి వెళ్లి గాడ్జెట్ చేర్చు అంటే జాబితా వస్తుంది, హెచ్‌టీఎంఎల్ జావాస్క్రిప్ట్ అని కూడా ఒకటి ఉంటుంది. దాంట్లో గడియారం, సందర్శకుల లెక్క, వాతావరణం, ఎలుక వెనక పరిగెత్తే పిల్లి బొమ్మ పెట్టాను. సైటు కాస్త నెమ్మదించింది. కారణం ఏమై ఉంటుంది?

అల్లరిమౌస్
ఎలుక వెనక పిల్లి పరిగెడుతుంటే సైటు నెమ్మదించక ఏమవుతుంది?

నిద్రలేనిసర్వర్
నవ్వుకున్నా సరే, పిల్లి గారి ప్రశ్న ఈ చర్చలో అసలైనది. మన సైటు తాలూకు విడ్జెట్లు, అంటే కేటగిరీలు, కొత్త పోస్టులు లాంటివి, మన సర్వర్ నుంచే వస్తాయి, బరువు తక్కువ. బయటి నుంచి కోడ్ ముక్క తెచ్చి అతికించినవి వేరే జాతి. ప్రతిదీ పాఠకుడి బ్రౌజర్‌ను ఇంకో సర్వర్ దగ్గరకి పంపుతుంది, అక్కడ ఆలస్యమైతే ఇక్కడ ఆలస్యం. చాలావాటిలో కుకీలు, పాఠకుడి మీద నిఘా ఉచితం.

ఇంకో ఇబ్బంది: పేజీ తెరుచుకున్నాక ఆలస్యంగా వచ్చి చోటు చేసుకుంటాయి. చదువుతున్న పేరా ఉన్నట్టుండి కిందికి దూకుతుంది. ఈ కుదుపును గూగుల్ సీఎల్ఎస్ పేరుతో కొలుస్తుంది, 0.1 లేదా అంతకన్నా తక్కువ ఉంటే మంచిది. తెర మీద పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనబడాలన్నది వాళ్ల ఇంకో కొలత. తప్పక పెట్టాల్సిన బయటి విడ్జెట్ ఉంటే దాన్ని ఒక పెట్టెలో పెట్టి ముందే కనీస ఎత్తు ఇవ్వండి, పేజీ దూకదు.

ఆఖరిది, నా సొంత అనుభవం. ఒక సందర్శకుల లెక్క విడ్జెట్ ఏళ్ల తరబడి ఫుటర్‌లో ఉంచాను. ఆ సేవ నడిపేవాళ్లు ఎప్పుడో మూసేశారు, డొమైన్ ఇంకెవరి చేతికో పోయింది. ఒకరోజు నా సైటు తెరిచినవాళ్లంతా లాటరీ ప్రకటనలోకి వెళ్లిపోతున్నారు. కారణం ఫుటర్‌లోని ఆ ఒక్క వరుస కోడ్ అని పట్టుకోవడానికి రెండు రాత్రులు పట్టింది. నా పేరు వెనక కథ అదే.

గోడమీదపిల్లి
గడియారం తీసేశాను. లెక్క తీసేశాను. పిల్లిని తీయమని మాత్రం అడగకండి.

సగంచదివినవాడు
గడియారం ఎలాగూ అనవసరం, చదివేవాడి తెర మీద ఒకటి ఉంటుంది కదా.

అల్లరిమౌస్
ఇది మాత్రం పూర్తిగా చదివినట్టున్నారు.

తూనీగ
కస్టమ్ హెచ్‌టీఎంఎల్ విడ్జెట్‌లో అతికించేటప్పుడు ఇంకో జాగ్రత్త. నేను ఎక్కడో దొరికిన ముక్క పెట్టాను, చివర మూసే ట్యాగ్ ఒకటి ఎక్కువైంది. దాని దెబ్బకి సైడ్‌బార్ కాస్తా ఫుటర్ కిందికి జారిపోయింది. థీమ్ పాడైందని తిట్టుకుంటూ మూడు థీమ్‌లు మార్చాను.

రెంచిపానా
లేఅవుట్ చెదిరితే మొదట అనుమానించాల్సింది అదే. చివరిగా చేర్చిన విడ్జెట్‌ను ఇన్‌యాక్టివ్‌లోకి జరిపి చూడండి, సర్దుకుంటే దొంగ దొరికినట్టే. డిలీట్ చేయనక్కర్లేదు.

పాతకాపు
విడ్జెట్లు సర్దడం అయ్యాక సైటు వేరే హోస్టింగ్‌కి (సైటును ఉంచే సర్వర్ సేవ) మార్చే ఆలోచన ఉన్నవాళ్లు గుర్తుంచుకోండి. వర్డ్‌ప్రెస్ టూల్స్‌లో ఎక్స్‌పోర్ట్ ఇచ్చే ఫైలులో పోస్టులు, పేజీలు వస్తాయి, పాత తరహా విడ్జెట్ల సెట్టింగులు రావు. వాటికి విడ్జెట్ ఇంపోర్టర్ అండ్ ఎక్స్‌పోర్టర్ అనే ప్లగిన్ వాడాలి, లేదా డేటాబేస్ మొత్తం బ్యాకప్ తీయాలి. నేను ఒకసారి ఇది తెలియక ఫుటర్ అంతా జ్ఞాపకం మీద మళ్లీ కట్టాను. ఒక లింకు ఇప్పటికీ గుర్తు రాలేదు.

కోడురానికోటి
సెర్చ్ హెడర్‌లోకి ఎక్కింది, భూతద్దం బాగుంది. చదవాల్సిన ఐదు పుస్తకాల జాబితా నేనే రాసి పెట్టాను. పరిచయం పేజీలో సైడ్‌బార్ పెట్టలేదు, వెన్నెల గారి మాటే బాగుంది. కేటగిరీలు కూడా తీసేశాను. ఇరవై రెండు ఉన్నాయి, అందులో పదకొండింటిలో ఒక్కో పోస్టే.

ఇంత చేశాక మా తమ్ముడికి లింకు పంపాను. వాడికి ఇంకా పాత సైటే కనబడుతోందట. నాకేమో కొత్తది కనబడుతోంది. ఇప్పుడేం పోయింది?

నిద్రలేనిసర్వర్
ఏమీ పోలేదు. లాగిన్ అయినవాళ్లకి క్యాష్ ప్లగిన్ (పేజీల కాపీలు దాచిపెట్టి వేగంగా చూపించేది) సాధారణంగా పాత కాపీ చూపించదు, అందుకే మీకు కొత్తది వస్తోంది. ఆ ప్లగిన్‌లో క్యాష్ క్లియర్ నొక్కండి, హోస్టింగ్ వాళ్ల ప్యానెల్‌లో ఇంకో క్యాష్ ఉంటే అదీ. ఇక నుంచి ఏం మార్చినా ప్రైవేట్ విండోలో తెరిచి చూసుకోండి.

కోడురానికోటి
క్లియర్ చేశాను, వాడికి వచ్చింది. "బాగుంది కానీ ఆ ఫొటో ఎందుకురా అంత పెద్దది" అన్నాడు.

వెన్నెల
ఫొటో మీద క్లిక్ చేస్తే కుడి పక్కన వెడల్పు సెట్టింగ్ ఉంటుంది. లేదా తమ్ముడిని ఇన్‌యాక్టివ్‌లో పెట్టండి.